లోపలి గడియ

ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. అనాల్సిందంతా దేవుడితో అనేవారు.

పొద్దున్నే కుటుంబ ప్రార్థనలో పెద్దకోడలు కళ్లు మూసుకుని, "ప్రేమగల తండ్రీ, నువ్వు చేసిన మేలులన్నిటికీ స్తోత్రం" అని మొదలుపెట్టగానే చిన్నకోడలు చెవులు రిక్కించేది. స్తోత్రాలయ్యాక వచ్చేది తన వాటా. "స్నానాలగది మూలల్లో పాచి పేరుకున్నట్టు మా హృదయాల మూలల్లో కూడా మురికి పేరుకుంటోంది ప్రభువా..." అంటే, ఆవేళ స్నానాలగది తోమాలని అర్థం. హృదయాల సంగతి ఎవరివి వాళ్లు చూసుకుంటారు.

అత్తగారు పోయి ఏళ్లయింది. చిన్నకోడల్ని ఆ ఇంటికి కోడలిని చేసినాయన పోయి కూడా ఏళ్లయింది. ఆవిడకు నలభై దాటి, జుట్టు సగం తెల్లబడింది. అయినా పేరు మాత్రం చిన్నకోడలే. తోటికోడలు "చిన్నీ" అని పిలుస్తుంది. ఆ పిలుపులో ముద్దు ఎంతో, పురమాయింపు ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఆ బుధవారం ప్రార్థనలో శనివారం సంగతి వచ్చింది.

"శనివారం సాయంత్రం నీ బిడ్డలు మా ఇంట్లో కూడుకుంటున్నారు తండ్రీ. పోయినసారి వాళ్లకి చల్లారిన టీ అందిన సంగతి నీకు తెలుసు. ఈసారి అలాంటి అశ్రద్ధ మా మధ్య చోటు చేసుకోకుండా, ముఖ్యంగా వంటింట్లో..."

"ఆమెన్!" అన్నాడు మామగారు.

మామగారికి చెముడు. ప్రార్థన ఎంతవరకు వచ్చిందో ఆయనకు వినపడదు కాబట్టి, తనకు చాలనిపించిన చోట ఆమెన్ అనేస్తాడు. పెద్దాయన ఆమెన్ అన్నాక మిగతావాళ్లు అనకపోతే ఏం బాగుంటుంది? "ఆమెన్" అన్నాడు బావగారు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "ఆమెన్" అంది చిన్నకోడలు. పెద్దకోడలు కూడా అనక తప్పలేదు. ఆమెన్ అన్నాక మళ్లీ అందుకోవడం పద్ధతి కాదు. టీ విషయం పరలోకానికి సగమే చేరింది.

ఆ చెముడు కూడా నమ్మదగ్గ చెముడు కాదు. ఎదురుగా నిలబడి అరిచి చెప్పినా వినపడని మనిషికి, పక్కగదిలో బిస్కెట్ల డబ్బా మూత తీస్తే వినపడేది.

చిన్నకోడలు లేచి టీ పెట్టడానికి వెళ్లింది. ముందురోజు నుంచీ గొంతులో ఒక మాట అడ్డుపడి ఉంది. శనివారంలోపు ఎలాగైనా బయటపెట్టాలి.

ముందురోజు గుడిలో పాటల బృందం అంగీల అంచులు విడిపోతే కుట్టడానికి వెళ్లింది. పెద్ద నర్సు పక్కనే కూర్చుని, ఒక అంగీ తిరగేసి, కుట్టు వైపు చాలాసేపు చూసింది. ఆవిడ మిషన్ ఆస్పత్రిలో సగం మందిని గడగడలాడిస్తుంది. మిగతా సగం మందికి మత్తుమందు ఇచ్చి ఉంటారు.

"లోపలి వైపు కూడా ఇంత శుభ్రంగా ఎందుకు కుట్టావ్? ఎవరు చూస్తారు?"

"వేసుకున్నవాళ్లకి గుచ్చుకోకూడదు కదండీ."

పెద్ద నర్సు ఆ అంగీ మడతపెట్టడం మొదలుపెట్టింది. "మా ఆస్పత్రి కుట్టుగదిలో పెద్దామె మానేస్తోంది. దుప్పట్లు, రోగుల గౌన్లు, దిండు గలేబులు. పని చాలానే ఉంటుంది, ముందే చెప్తున్నా. ఆదివారం సెలవు. కుట్టుగది వెనకాల ఒక గది ఉంది, అది నీకిస్తారు. చిన్నదే. మంచం, కిటికీ, తలుపు."

"తలుపుకి గడియ ఉందాండీ? లోపలి వైపు?"

పనిలో చేరేవాళ్లు జీతం అడుగుతారు, సెలవులు అడుగుతారు. గడియ అడిగినవాళ్లు పెద్ద నర్సుకు ఎప్పుడూ తగల్లేదు. ఒక్క క్షణం చేతిలోని అంగీ మడత పెట్టడం మానేసింది.

"ఉంది," అంది. "శనివారం ప్రార్థనకి మీ ఇంటికి వస్తాగా. అప్పుడు చెప్పు. సోమవారం నుంచి రావాలి మరి."

చిన్నకోడలు పడుకునేది నడవలో. ఒక పక్క వంటిల్లు, ఒక పక్క మామగారి గది. రాత్రిళ్లు మంచినీళ్లకు లేచినవాళ్లు ఆవిడ కాళ్లు దాటుకుని వెళ్తారు. మంచివాళ్లు, తొక్కరు. ఆ ఇంట్లో ఆవిడ లోపలినుంచి గడియ పెట్టుకోగలిగేది స్నానాలగదికి ఒక్కదానికే. అక్కడైనా నాలుగు చెంబులు పోసుకునేలోపు తలుపు చప్పుడవుతుంది. "చిన్నీ, లోపలున్నావా? టీపొడి ఎక్కడ పెట్టావ్?"

గురువారం మధ్యాహ్నం దుప్పట్లు మడతపెట్టాలి. పెద్ద దుప్పట్లు ఒక్కరి వల్ల కావు. ఆ ఇంట్లో పెద్దకోడలు తప్పక చేయి వేసే పని అదొక్కటే. ఇద్దరూ చెరో రెండు కొసలూ పట్టుకుని, గట్టిగా లాగి, మధ్యకు మడిచి, ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి కొసలు కలపాలి. ముఖంలో ముఖం పెట్టి మాట్లాడటానికి అంతకన్నా మంచి అదను దొరకదు. చిన్నకోడలు మొదటి దుప్పటికి ఊరుకుంది. రెండో దానికి ధైర్యం కూడగట్టుకుంది. మూడోది లాగుతుండగా అంది.

"అక్కయ్యా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు చిన్నీ. ఆ కొస జారిపోతోంది, పట్టుకో."

"ఆస్పత్రి కుట్టుగదిలో పని ఉందట. పెద్ద నర్సు గారు రమ్మన్నారు. అక్కడే ఉండటానికి గది కూడా..."

పెద్దకోడలు దుప్పటి కొసలు పట్టుకుని నాలుగడుగులు ముందుకు వచ్చింది. కోపం తెచ్చుకోలేదు. ఆవిడకు కోపం రాదు, బాధ కలుగుతుంది.

"నీకిక్కడ ఏం తక్కువైంది?"

తక్కువైంది ఫలానా అని చెప్పడానికి ఏమీ కనపడదు. తింటోంది, కట్టుకుంటోంది. జ్వరమొస్తే పెద్దకోడలే దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తుంది, ఆవేళ వంట మాత్రం కాస్త ఆలస్యంగా మొదలుపెట్టమంటుంది.

"తక్కువని కాదు అక్కయ్యా..."

"నేనెప్పుడైనా నిన్ను పరాయిదానిలా చూశానా? గుడిలో అందరూ ఏమంటారో తెలుసా? తోటికోడల్ని కన్నకూతురిలా చూసుకుంటోందని. మనింట్లో పనిమనిషిని కూడా పెట్టుకోలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్తాను? మా పని మేమే చేసుకుంటాం అంటాను."

అది నిజమే. చాలాసార్లు అలా అనడం చిన్నకోడలు విన్నది. వినేటప్పుడు ఎప్పుడూ చేతిలో చీపురో, గరిటో ఉండేది.

"సరే, మనమెవరం నిర్ణయించడానికి? ప్రార్థనలో పెడదాం," అంది పెద్దకోడలు.

పెడదాం అంటే రాత్రికో, రేపటికో అనుకుంది చిన్నకోడలు. పెద్దకోడలు అక్కడికక్కడే కళ్లు మూసుకుంది. దుప్పటి కొసలతో సహా తోటికోడలి చేతులు పట్టేసుకుంది. చిన్నకోడలి వేళ్లు దుప్పటి మడతలో ఇరుక్కుపోయాయి.

"తండ్రీ, మా చిన్నీ మనసులో చంచలత్వం కలిగింది. ఇది నీ పిలుపో, శత్రువు పిలుపో నీకే తెలుసు. మంచం మీదున్న మామగారిని వదిలి, తల్లిలాంటి నన్ను వదిలి, లోకంలోకి వెళ్లాలనే ఆశ నీ చిత్తం కాకపోతే దాన్ని వేళ్లతో సహా పెరికివెయ్యి ప్రభువా. తృప్తిగల మనసు దయచెయ్యి..."

మామగారు మంచం మీద లేడు. నడవ చివర కుర్చీలో కూర్చుని బొత్తాం ఊడిన చొక్కాలో చేయి దూర్చుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఒక్క ఆమెన్ అయినా అంటాడేమోనని చిన్నకోడలు ఒక కన్ను తెరిచి చూసింది. ఆయనా ఇటే చూస్తున్నాడు. నోరు మాత్రం మెదపలేదు.

ప్రార్థన అయ్యేసరికి దుప్పటి మడత, చిన్నకోడలి ఆశ, రెండూ ఒకేసారి ఇస్త్రీ అయిపోయాయి. పెద్దకోడలు చెమర్చిన కళ్లు తుడుచుకుంది. ఆ తడి కూడా నిజమే. అందుకే ఆవిడతో వేగడం కష్టం. దొంగ ఏడుపైతే చిన్నకోడలు ఎప్పుడో గుమ్మం దాటేసేది.

"ఇంకా నాలుగున్నాయి, కానీ," అంది పెద్దకోడలు, కొత్త దుప్పటి కొసలు అందిస్తూ.

శుక్రవారం బావగారి దగ్గర ప్రయత్నించి చూసింది. బావగారు సంఘపెద్ద. గుడిలో పది మంది తగువులు తీరుస్తాడు. ఇంట్లో పేపరు చదువుతాడు.

"బావగారూ, ఆస్పత్రిలో..."

"మీ అక్కయ్యతో అన్నావా?"

"అన్నానండీ."

"ఏమంది?"

"ప్రార్థన చేసింది."

పేపరు ఒక్క అంగుళం కిందికి దిగింది. దాని మీద నుంచి రెండు కళ్లు జాలిగా చూశాయి. ఆ ప్రార్థన కింద తానెన్ని ఏళ్లుగా ఉంటున్నాడో ఆ చూపులో ఉంది. "అయితే ఇంక నేనేం చెప్తానమ్మా," అన్నాడు. పేపరు మళ్లీ పైకి లేచింది.

చిన్నకోడలు వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు ముందేసుకుంది. శనివారానికి బోలెడు కావాలి. పొట్టు తీసి, సగానికి కోసి, బోర్లా పెట్టి, సన్నగా తరుగుతూ పోయింది. ఉల్లిపాయల్లో ఉన్న సుఖం ఏమిటంటే కళ్లనీళ్లకు సంజాయిషీ చెప్పక్కర్లేదు. పెద్దకోడలు రెండుసార్లు వచ్చి చూసి, "ఇంకాస్త సన్నగా," అని వెళ్లింది. ఈ మాట మాత్రం దేవుడి ద్వారా పంపలేదు. తొందరలో ఉంది కాబోలు.

సాయంత్రం మామగారి చొక్కాకు బొత్తాం కుట్టింది. ఆయన చొక్కా ఒంటి మీదే ఉంచుకుని గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. సూది నాలుగు కన్నాల్లోంచీ దూరి, దారం బొత్తాం మొదట్లో మూడు చుట్లు తిరిగి ముడిపడింది. పళ్లతో దారం తెంపడానికి ఆవిడ ముఖం దగ్గరికి తెచ్చినప్పుడు, ఆయన గుసగుసగా అన్నాడు. చెవిటివాళ్ల గుసగుస వీధి చివరికి వినపడుతుంది, కానీ ఆ పూట పెద్దకోడలు ఇంట్లో లేదు.

"ఆ గది పెద్దదేనా?"

చిన్నకోడలు ఉలిక్కిపడింది. "ఏ గది మావయ్యగారూ?"

"నాకు చెముడే గానీ గుడ్డితనం లేదమ్మాయ్. దుప్పటి పట్టుకుని ఏడుస్తూ ప్రార్థన చేసేవాళ్లని చూస్తే, ఎవరో ఎక్కడికో వెళ్తామన్నారని తెలీదూ?"

"చిన్నదేనంట. మీ బొత్తాలు ఎవరు కుడతారు మరి?"

"నేను చొక్కా లేకుండా కూర్చుంటే మీ బావ పరువు పోతుంది. అప్పుడు వాడే కుడతాడు."

ఆవిడకు నవ్వొచ్చింది. వెళ్లనీయనివాళ్లను వదిలి వెళ్లడం తేలిక. వెళ్లమన్నవాళ్లను వదలడమే కష్టం. సూదిని దారపు ఉండకు గుచ్చి లేచిపోయింది.

శనివారం సాయంత్రానికల్లా ముందుగదిలో కుర్చీలు నిండాయి. చాలనివాళ్లకు చాపలు పరిచారు. ప్రార్థన కూటం జరిగేటప్పుడు వంటింటి తలుపు మూసెయ్యడం ఆ ఇంటి ఆనవాయితీ. గిన్నెల చప్పుడుకి వాక్యం మీద నుంచి మనసు మళ్లుతుందట. గోడకు పళ్లేలు అందించే కిటికీ ఒకటి ఉంది. చిన్నకోడలు అన్నేళ్లుగా వాక్యం విన్నది ఆ కిటికీలోంచే. కుక్కరు కూసినప్పుడల్లా ఒక ముక్క ఎగిరిపోయేది. ఒక చెల్లెలు ప్రభువు పాదాల దగ్గర కూర్చుంటే, అక్క వంటింట్లో ఒక్కతీ చాకిరీ చేసి విసుక్కున్న కథ ఎన్నిసార్లు విన్నా, చివర ప్రభువు ఆ అక్కతో ఏమన్నాడో కుక్కరు వల్ల ఆవిడకు సరిగ్గా తెలిసేది కాదు. ఈ ఇంట్లో అక్కాచెల్లెళ్ల వరస మాత్రం తారుమారైందని తెలిసేది.

ఆవేళ పాస్టరు అయ్యగారు కూలివాళ్ల గురించి చెప్పాడు. ఎక్కడో ఇటుకబట్టీల్లో మనుషుల్ని బయటికి పోనివ్వకుండా పనిచేయించుకుంటారట. వాళ్ల మూలుగు దేవుడి చెవిన పడుతుందట. ముందుగదిలో అందరూ అయ్యో అయ్యో అన్నారు. అందరికంటే ముందు అన్నది పెద్దకోడలు. ఆవిడ మనసు నిజంగానే కరిగిపోయింది, బట్టీలు ఎంత దూరమైతే అంత ఎక్కువగా.

చిన్నకోడలు కిటికీలోంచి పెద్ద నర్సును చూసింది. పెద్ద నర్సు కనుబొమలతోనే అడిగింది, ఏమైందని. చిన్నకోడలు తల దించుకుంది. పెద్ద నర్సు పెదవి బిగించి ముందుకు తిరిగింది. అంతే. అయిపోయింది. రేపటికి ఇంకెవరినో చూసుకుంటారు. చిన్నకోడలు పొయ్యి మీద పాలు పెట్టి, మంట తగ్గించి, పొయ్యి గట్టును తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

లోపల గొలుసు ప్రార్థన మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు, కూర్చున్న వరసలో, ఎవరికి తోచింది వాళ్లు పైకి చెప్పాలి. ఎవరినీ వదలకూడదు, ఎవరికీ అడ్డు రాకూడదు. వంటింట్లో ఉన్నవాళ్లు వరసలో లేనట్టే లెక్క.

"అమ్మాయ్! మాత్ర!" అన్నాడు మామగారు, ప్రార్థనల మధ్యలో.

ఆయన కుర్చీ వంటింటి గుమ్మం పక్కనే. చిన్నకోడలు మాత్ర, నీళ్లగ్లాసు పట్టుకుని తలుపు తీసుకుని వచ్చింది. ఆయన మాత్ర మింగాడు, గ్లాసు ఇచ్చేశాడు, గ్లాసు పట్టుకున్న చేయిని మాత్రం వదల్లేదు. "కూర్చో," అన్నాడు. పక్కన ఖాళీ ముక్కాలిపీట ఉంది. అది అక్కడికి ఎప్పుడొచ్చిందో ఆవిడకు తెలీదు. అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. పెద్దాయన చేయి విడిపించుకుంటే చప్పుడవుతుంది. కూర్చుంది.

గొలుసు తిరిగి తిరిగి మామగారి దగ్గరికి వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, నాకు ఆయాసం. నా వంతు మా చిన్నకోడలు చేస్తుంది."

ఎక్కడో ఒక చాప గరగరలాడింది. చిన్నకోడలు పైకి ప్రార్థన చేసి ఎరగదు. ఆ ఇంట్లో దేవుడితో మాట్లాడే పని ఒక్కటే ఎవరూ ఆవిడకు అప్పజెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఉల్లిపాయల వాసన. వచ్చినట్టు మొదలుపెట్టింది, విని విని కంఠతా వచ్చినట్టే.

"ప్రేమగల తండ్రీ... మేలులన్నిటికీ స్తోత్రం. అక్కయ్యకి ఇచ్చిన మంచి మనసుకి స్తోత్రం. ఈవేళ టీ... టీ వేడిగానే ఉంటుంది తండ్రీ."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. స్తోత్రాలైపోయాయి. స్తోత్రాల తర్వాత ఏం రావాలో ఆవిడకు బాగా తెలుసు.

"తండ్రీ, ఎవరికి చెప్పబోయినా నీతో చెప్పుకోమన్నారు. అందుకే నీతోనే చెప్తున్నా. ఆస్పత్రి కుట్టుగదిలో నాకు పని ఇస్తామన్నారు. వెళ్లాలని ఉంది."

పెద్దకోడలు ఒక కన్ను తెరిచింది. కానీ ప్రార్థన జరుగుతుంటే మధ్యలో మాట్లాడేదెవరు? ఆ నియమం పెట్టింది ఎవరో కాదు, ఆవిడే. వంటింట్లోంచి పాలు చిటపటమంటున్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఇద్దరు తోటికోడళ్లకే తెలిసింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"ఇది చంచలత్వమే అయ్యుండొచ్చు తండ్రీ. నాకు తెలీదు. ఆ గదికి లోపల గడియ ఉందట. అదొక్కటే నాకు తెలిసింది. కృతజ్ఞత లేక కాదు. కృతజ్ఞతగానే ఉన్నాను, ఇన్నేళ్లూ అదే పని మీద ఉన్నాను. ఇంక అలసిపోయాను. సోమవారం పొద్దున వెళ్తాను. మావయ్యగారి మాత్రలు కిటికీ పక్క డబ్బాలో ఉన్నాయి. అక్కయ్య నన్ను సంతోషంగా పంపించేలా, పది మందిలో ఆవిడ పేరుకి మాట రాకుండా..."

పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి. మాడు వాసన గదంతా పరుచుకుంది. దీన్ని ఇంకొక్క మాట సాగనివ్వకూడదని పెద్దకోడలు అనుకుంది. ఆపడానికి ఆ ఇంట్లో ఒక్కటే దారి.

"ఆమెన్!" అంది, గట్టిగా.

"ఆమెన్!" అన్నాడు మామగారు, ఇంకా గట్టిగా. అప్పుడు మాత్రం స్పష్టంగా వినపడింది ఆయనకు.

"ఆమెన్," అన్నారు ముందుగదిలో అందరూ.

కళ్లు తెరుచుకున్నాయి. ఒకావిడ లేచి వచ్చి పెద్దకోడలి రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత పెద్ద మనసమ్మా నీది! ఆ పిల్ల ఇంకా అడగడం పూర్తి కాకుండానే ఒప్పేసుకున్నావ్!" అయ్యగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "సొంత కూతుర్ని పంపినట్టు పంపుతోంది," అన్నాడు. పెద్దకోడలు నోరు తెరిచింది. తన సొంత ఆమెన్ తన చుట్టూనే కంచెలా నిలబడి ఉంది. దాటడానికి దారి లేదు. నోరు మూసుకుని, "అంతా దేవుడి చిత్తం," అంది. పెద్ద నర్సు చిన్నకోడలి దగ్గరికి వచ్చి, "సోమవారం. ఆలస్యం చెయ్యకు," అంది, అదేదో వార్డులో చెప్పినట్టు.

చిన్నకోడలు అలవాటుగా పాల గిన్నె వైపు లేవబోయింది. చుట్టూ ఆడవాళ్లు మూగి ఉన్నారు, కదలనివ్వలేదు. లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పింది పెద్దకోడలే. గిన్నె అడుగంటింది. ఆవేళ టీ ఆలస్యమైంది, చల్లగా కూడా ఉంది. ఆ మాట దేవుడికి ఎవరూ చెప్పలేదు.

సోమవారం పొద్దున కుటుంబ ప్రార్థన చాలా చిన్నగా జరిగింది. పెద్దకోడలు స్తోత్రాలు చెప్పింది. ఆ తర్వాత ఎవరి గురించి చెప్పాలో తోచక ఆగిపోయింది. మామగారు మధ్యలో ఆమెన్ అనాల్సిన అవసరం కూడా పడలేదు. చిన్నకోడలు సంచి తీసుకుని గుమ్మం దాకా వచ్చింది. మామగారి చొక్కా బొత్తాలన్నీ ఇంకోసారి లాగి చూసింది. ఆయన ఆవిడ తల మీద చేయి పెట్టి, ఆ చేయి అక్కడే ఉంచేశాడు.

వీధిలోకి దిగాక వెనక నుంచి పిలుపు. వంటింటి గరిటె చేత్తో పట్టుకునే పెద్దకోడలు గేటు దగ్గర నిలబడి ఉంది. ముఖం ఎర్రబడి ఉంది. ఏడ్చిందో, పొయ్యి సెగో తెలీదు. ఏదో పెద్ద మాటే అనబోయి మింగేసింది.

"ఉప్పు డబ్బా ఎక్కడుంది?"

"పొయ్యి పక్క అరలో, కింద వరస అక్కయ్యా."

"ఊఁ." గేటు గడియ మీద చేయి అలాగే ఉంచింది. "ఆదివారం సెలవన్నావుగా."

"అవును."

"వస్తే రా," అంది. ఎటో చూస్తూ, మధ్యలో ఎవరినీ పెట్టుకోకుండా. "భోజనానికి. వండటానికి కాదులే."

ఆ గది పెద్ద నర్సు చెప్పినట్టే చిన్నది. మంచం, కిటికీ, తలుపు. గోడ అవతల కుట్టుమిషన్లు గడగడలాడుతున్నాయి. చిన్నకోడలు సంచి కింద పెట్టి గడియ వేసింది. తీసింది. మళ్లీ వేసింది. ఇనుపది, కాస్త బిగుతు, నూనె చుక్క వేస్తే సరిపోతుంది. మంచం అంచున కూర్చుంది. దేవుడికి ఏమైనా చెప్పాలేమో అనుకుంది. ఎవరి మీదా చెప్పాల్సింది ఏమీ తోచలేదు. ఊరుకుంది. ఆయన కూడా ఊరుకున్నట్టే అనిపించింది.

తలుపు చప్పుడైంది. "వస్తున్నా అక్కయ్యా!" అంటూ సగం లేచింది.

"నేనమ్మా, కుట్టుగది నుంచి," అంది అవతల ఎవరో పెద్దామె గొంతు. "లోపలికి రావచ్చా?"

ఆ ప్రశ్న ఆవిడను ఇంతకుముందు ఎవరూ అడగలేదు. సగం లేచినదల్లా మెల్లగా మళ్లీ కూర్చుంది.

"ఒక్క నిమిషం," అంది.

ఆ నిమిషంలో ఆవిడకు చెయ్యాల్సిన పనేమీ లేదు. నిమిషం పూర్తయ్యేదాకా కూర్చుని, అప్పుడు లేచి గడియ తీసింది.